అర, ఆరు: ఓఆర్‌ఎస్ ర్యాప్‌లో కొలత తప్పొద్దంటే

వరంగల్ ఎండల్లో బడిపిల్లలకు ర్యాప్‌తో ఆరోగ్యం చెప్పాలనుకుంటే పాటకు ఒక్క విషయమే పెట్టండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు తాగించే ఓఆర్‌ఎస్‌ను, అదీ ఇంట్లో కలుపుకునేదాన్ని, తీసుకుందాం: లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, అంచుకు సమంగా ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

బీట్ నిమిషానికి 90 చాలు. బార్‌కు, అంటే తాళంలో ఒక చుట్టుకు, 4 దెబ్బల లెక్కన 16 బార్లు దాదాపు 43 సెకన్లు. వేగం పెంచితే పిల్లలు దీర్ఘాలు మింగేస్తారు. అసలు ప్రమాదం అక్కడే. "ఆరు" పొట్టిదై "అర"లా వినిపిస్తుంది. "అర" రెండు లఘువులే కాబట్టి స్నేర్ డ్రమ్ము దెబ్బ కింద నలిగిపోతుంది. ఉప్పు ఆరు చెంచాలని చెవికెక్కిందా, పసిబిడ్డ ప్రాణం మీదికొస్తుంది. ప్రాస కోసం ఈ అంకెలను అటూఇటూ జరపనే జరపొద్దు.

అందుకే "అర" ముందు ఒక దెబ్బ ఖాళీ వదలండి. బీట్ ఆగాలి, గుంపంతా "ఉప్పెంత?" అనాలి, ఒక్క గొంతు "అర చెంచా!" అనాలి. ఒగ్గుకథ చూసిన మన పిల్లలకు వంత అందుకోవడం నేర్పక్కర్లేదు.

రికార్డింగ్ అయ్యాక, పాట విననివాళ్లకు ఒక్కసారి వినిపించి చెంచా చేతికివ్వండి. ఉప్పు డబ్బా దగ్గర చెయ్యి తడబడితే ఆ బార్ మళ్లీ రాయండి.