రెండు కాసులు, వాటికి ముందూ వెనకా

మే నెలలో ఒక ఆదివారం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం కదా, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ జట్టీకి కట్టేసి ఉన్నాయి. మా సంఘంలో సగానికి సగం జాలరి కుటుంబాలే. ఆ 61 రోజులూ వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుందో ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ ఆదివారమే వాక్యానికి బైబిల్లో మార్కు సువార్త 12వ అధ్యాయం, 41 నుంచి 44 వరకు తీశారు. దేవాలయపు కానుక పెట్టెలో బీద విధవరాలు వేసిన రెండు కాసులు. తెర మీద వచనం, దాని కింద క్యూఆర్ కోడ్. "ఆమెకు ఉన్నవే రెండు. రెండూ ఇచ్చేసింది. మరి మీరు?" అని పాస్టరు గారు ఆగారు. కీబోర్డు తమ్ముడు మెల్లగా ఒక స్వరం పట్టాడు. కానుకల సంచులు కదిలాయి.

అప్పటికి ఆ సంఘానికి కోశాధికారిని నేనే. ఏడేళ్లు చేశాను. కాబట్టి బయట నిలబడి రాళ్లు వేస్తున్నానని అనుకోవద్దు. ఆ సంచులు బల్ల మీద కుమ్మరించి లెక్కపెట్టిన చేతులు నావే.

ఆరాధన అయ్యాక వెనక గదిలో నలుగురం కూర్చుంటాం. ఏ నోటు ఎవరిదో తెలియదంటారు గానీ కొన్ని తెలిసిపోతాయి. నిలువునా మడిచి, మళ్లీ అడ్డంగా మడిచి, కొంగున ముడేస్తే గోళీలా బిగుసుకుపోయిన ఇరవై రూపాయల నోటు ఒకటి ప్రతివారం వచ్చేది. విప్పితే ఎండు నెత్తళ్ల వాసన. వెనక వరుసలో చాప మీద, గోడకు ఆనుకుని కూర్చునే పెద్దమ్మది అది. పచ్చి చేప దొరకని రోజుల్లో ఎండు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. నిషేధకాలంలో ప్రభుత్వమిచ్చే భృతి వేటకెళ్లేవాళ్ల పేరున పడుతుంది. ఆవిడ భర్త సముద్రంలో పోయి చాలా ఏళ్లయింది.

ఆ వారం అలాంటి నోట్లు రెండు వచ్చాయి. వేళ్లకు అంటిన వాసన సాయంత్రం దాకా పోలేదు.

ఇంటికొచ్చి అదే అధ్యాయం మళ్లీ తీశాను. ఈసారి 38వ వచనం నుంచి. శాస్త్రుల గురించి, అంటే ధర్మశాస్త్రం బోధించే యూదు పండితుల గురించి, యేసు జాగ్రత్త చెబుతున్నాడు: "విధవరాండ్ర యిండ్లు దిగమింగుచు, మాయవేషముగా దీర్ఘప్రార్థనలు" చేసేవాళ్లని. ఆ మాట అయీ అవగానే కానుక పెట్టె ఎదుట కూర్చుంటాడు, ఈ విధవరాలు వస్తుంది. ఇక అధ్యాయం తిప్పితే, శిష్యుడొకడు యెరూషలేము దేవాలయాన్ని చూపించి ఎలాంటి రాళ్లో, ఎలాంటి కట్టడాలో అని మురిసిపోతాడు. రాతి మీద రాయి నిలవదు అంటాడాయన. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆ పని చేసేసింది. ఇటు దిగమింగిన ఇళ్లు, అటు కూలబోయే కట్టడం, ఈ రెంటి మధ్య ఆ మనిషి. మనం ముందూ వెనకా కత్తిరించి ఆవిడ ఒక్కదానికే ఫొటో కట్టాం.

ఆ రెండు కాసులూ కలిపితే దేనారంలో 64వ వంతు. దేనారమంటే ఒక రోజు కూలి. ఇవాళ కూలి ఆరు వందలనుకుంటే పది రూపాయలు కూడా కాదు. ఆలయంలో బూర ఆకారంలో 13 కానుక పెట్టెలు ఉండేవని యూదుల పాత ధర్మ సంకలనం మిష్నాలో ఉంది. కలిగినవాళ్ల నాణేలు గలగలా పడి ఉంటాయి. మన సంచి బట్టది, ఎవరు వేసినా చప్పుడు రాదు. ఆ లోటు మైకు తీరుస్తుంది: "ఫలానా సహోదరులు మందిర నిర్మాణానికి లక్ష రూపాయలు, గట్టిగా స్తోత్రం చెప్పండి!"

ఆమె అందరికంటె ఎక్కువ వేసిందని ప్రభువు అన్నాడు, నిజమే. "మీరూ ఇలాగే చేయండి" అని మాత్రం ఆ నాలుగు వచనాల్లో ఎంత వెతికినా దొరకదు.

దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు, అనగానే దాన్ని మందిరపు నిధికి తెమ్మనే మలాకీ 3:10 చదువుతాం. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం చివరి రెండు వచనాలు ఏ కానుకల ప్రసంగంలోనూ నేను వినలేదు. మూడేళ్లకొకసారి ఆ పదో వంతు ఊళ్లోనే ఉంచాలి. ఆలయ సేవ చేసే లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాండ్రు వచ్చి కడుపునిండా తినాలి. అంటే ధర్మశాస్త్రంలో విధవరాలు పుచ్చుకునే వరుసలో ఉంది. మన దగ్గర ఇచ్చే వరుసలోకి ఎప్పుడు వచ్చిందో! యెరూషలేము సంఘంలో, అపొస్తలుల కార్యములు 6లో, సణుగుడు పుట్టిందే రోజూ తిండి పంచే అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూశారని. దానికోసం ఏడుగురిని ఏర్పరచుకున్నారు. సౌండ్ సిస్టమ్ కోసం కాదు.

ఈ మార్కు సువార్తకు మన ఊరితో చుట్టరికం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, అనువాదం మొదలుపెట్టారు. 1810 కల్లా ఇద్దరూ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఈ సముద్రపు గాలి పీలుస్తూ వాళ్లు విధవరాండ్ర ఇళ్లు దిగమింగే ఆ 40వ వచనాన్ని కూడా తెలుగు చేశారు. దాన్ని దాటేయడం మనం నేర్చుకున్నాం.

ఆ నెల కమిటీలో అడిగాను, ఈ రెండు నెలలూ విధవల ఇళ్లకు బియ్యం పంపుదామని. "మంచి భారం బ్రదర్, ప్రార్థనలో పెడదాం" అన్నారు. ప్రార్థనలో పెట్టడమంటే మా భాషలో ఫైలు మూసేయడమే. పోనీ ఏడాది లెక్కలు సంఘం ముందు చదువుదామన్నాను. అభిషిక్తుల మీద, అంటే పాస్టర్ల మీద, సణగకూడదని జవాబొచ్చింది. కానుకల విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా అపొస్తలుడైన పౌలు తోడు మనుషులను పెట్టుకుని డబ్బు పంపాడని 2 కొరింథీయులు 8లో ఉంది. అదీ చెప్పాను. అప్పటికే టీ వచ్చేసింది. ఏజెన్సీ వైపు కూలికి వెళ్తూ సంఘం నడిపే పాస్టర్లను చూశాను. ఈ మాటలు వాళ్లకు తగలకూడదు.

ఆ నెలే మందిరం ముందు గోడకు రాతి పలకలు అతికించారు. మెట్ల దగ్గర పెద్దమ్మ ఎదురైంది.

"రాయి బాగుంది బాబూ. దాన్లో నాదీ ఉంటాది గదా?"

"ఉంది పెద్దమ్మా."

"ఏ రాయో నీకు తెలుత్తాది గదా, లెక్క రాసీది నువ్వే గదా" అంది నవ్వుతూ.

కిందనుంచి మూడో వరుసలో ఒక పలక చూపించాను. అరచేత్తో ఒకసారి తుడిచి, తట్ట నెత్తికెత్తమంది. ఎత్తాను.