డ్రాకులా, తారీఖుల ప్రకారం

ఈ ఏడాది మే 3న మొదలుపెట్టిన డ్రాకులా నవంబర్ 6న అయిపోయింది. నెలల తరబడి పట్టింది పుస్తకం పెద్దదని కాదు, కావాలనే అలా చదివాను. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన ఆ నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపర్ కటింగులే. దాదాపు ప్రతిదానికీ పైన తారీఖు ఉంటుంది. అందుకని ఏ రోజుది ఆ రోజే చదవాలని పెట్టుకున్నా. ఇలా చదివేవాళ్లు బయటి దేశాల్లో బోలెడుమంది ఉన్నారు, ఏ రోజు భాగం ఆ రోజు మెయిల్‌కి పంపే ఏర్పాటు కూడా ఉంది. నేను మాత్రం నా ఫైలు నేనే చేసుకున్నా. ఎందుకో ఆగస్టు దగ్గరికి వచ్చాక చెప్తా.

ముందు పని సంగతి. పుస్తకం కాపీరైటు ఎప్పుడో అయిపోయింది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఇంగ్లిష్ పాఠం మొత్తం ఉచితంగా ఉంది. దాన్ని దింపుకొని తారీఖుల వారీగా కత్తిరించి మళ్లీ పేర్చాలి, ఎందుకంటే పుస్తకంలో వరస అలా ఉండదు. మొదటి నాలుగు అధ్యాయాలూ రక్తం తాగే కౌంట్ డ్రాకులా కోటకు పని మీద వెళ్లిన ఇంగ్లిష్ లాయరు జొనాథన్ హార్కర్ డైరీయే, జూన్ 30 దాకా వెళ్తుంది. ఐదో అధ్యాయం తిప్పితే మళ్లీ మే 9, అతను పెళ్లాడబోయే మీనా ఉత్తరం. ఆమె స్నేహితురాలు లూసీ ఉత్తరమొకటి తారీఖు లేకుండా ఉత్త 'బుధవారం' అని ఉంటుంది, అలాంటివి ముందూ వెనకా చూసి మనమే సర్దుకోవాలి. అక్షరాలు 14 సైజు పెట్టి ప్రింట్ తీయించా. రైల్లో కుదుపులకు అంతకన్నా చిన్నవి చదివితే తలనొప్పి. మే నుంచి ఆగస్టు దాకా ఒక స్పైరల్, సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్, నవంబర్ కలిపి ఒకటి. మొత్తం ఒకటే బైండింగ్ చేయిస్తే హ్యాండ్‌బ్యాగులో పట్టదు, పైగా ఆ రింగులు చున్నీకి తట్టుకుంటాయి.

నేను కాజీపేట నుంచి జనగామకు అప్ అండ్ డౌన్ చేస్తా. చదివేదంతా ఆ రైల్లోనే, మిగిలింది రాత్రి అత్తమ్మ పడుకున్నాక. ఆ లెక్కన ఈ పుస్తకం నాకోసమే రాసినట్టుంది. మొదటి డైరీలో హార్కర్ ఏం రాస్తాడనుకున్నారు? మ్యూనిక్‌లో రాత్రి 8.35కి రైలెక్కాడట, వియన్నాకు పొద్దున 6.46కి రావాల్సింది గంట లేటయిందట! ప్రపంచంలో ఇంత పేరున్న దయ్యాల నవల రైలు లేటుతో మొదలవుతుందని చెప్తే మా పెట్టెలో వాళ్లు నమ్మలేదు, పేజీ చూపించాల్సి వచ్చింది. ఆ వెంటనే ఎర్ర మిరపపొడి వేసి వండిన కోడికూర తిన్నాడు, రాత్రంతా దాహమేసింది, ఎలా వండాలో అడిగి మీనాకు చెప్పాలని డైరీలో రాసుకున్నాడు.

పారానార్మల్ కథల మీద నాకున్న అభిప్రాయమంతా ఈ కోడికూర దగ్గరే ఉంది. రైలు టైము, కూర, హోటల్ బిల్లు ఇవన్నీ పక్కాగా రాసే మనిషి నాలుగు పేజీలు పోయాక 'అద్దంలో ఆయన కనిపించలేదు' అని అదే గొంతుతో రాస్తే, అప్పుడు వెన్ను జివ్వుమంటుంది. మొదటి లైను నుంచే కుక్కలు ఏడ్చి, తలుపులు కిర్రుమని, గుడ్లగూబ అరిచే నవలలు బోలెడు చదివాను, ఒక్కదానికీ లైటు ఆర్పడానికి వెనకాడలేదు.

మే నెల ఎండల్లో కౌంట్ కోట ఉన్న కార్పాతియన్ కొండల చలి చదవడం తమాషాగా ఉంటుంది. పెట్టెలో ఫ్యాను వేడిగాలి కొడుతుంటే అక్కడ తోడేళ్లు, మంచు. సాయంత్రం ఇంటికొచ్చి కూరగాయలు కోస్తూ ఆ రోజు భాగం అత్తమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో "ఏందే, పొద్దుమీకి ఇంట్ల దీపం పెట్టే యాళ్ల దయ్యాల ముచ్చట?" అని విసుక్కున్నది. కౌంట్ అనే మాటకు దొర అని, కోట అంటే గడీ అని చెప్పాక మాత్రం ఆమెకు కథ పూర్తిగా ఎక్కింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గడీ ముందు నుంచి చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి ఆమె. మే 8న హార్కర్ ఒక సంగతి కనిపెడతాడు. అంత పెద్ద కోటలో పనివాళ్లు ఒక్కరూ లేరు, హార్కర్‌కు పక్క వేసేదీ, బల్ల మీద భోజనం సర్దేదీ కౌంటే. తలుపు సందులోంచి చూస్తాడు. అది చెప్పగానే అత్తమ్మ గోకరకాయ తుంచుడు ఆపి, "దొర పక్క ఏసిండా? అయితే మనిషి కాడు పో" అన్నది. ఇంగ్లిష్‌లో ఈ పుస్తకం మీద ఎన్నో వ్యాసాలు చదివాను, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

మే 19న కౌంట్ హార్కర్ చేత మూడు ఉత్తరాలు ముందుగానే రాయిస్తాడు, జూన్ 12, 19, 29 తారీఖులు వేయించి. అంటే తన ఆయుష్షు ఎంతవరకో అతనికి తెలిసిపోయింది. మామూలుగా చదివితే ఇది అరగంటలో దాటిపోయే విషయం. తారీఖుల ప్రకారం చదివితే ఆ మూడు రోజులూ నిజంగా క్యాలెండర్‌లో ఎదురుగా ఉంటాయి. జూన్ మొదట్లో హార్కర్ డైరీ అసలు లేదు, మే 31 తర్వాత మళ్లీ 17 దాకా ఏమీ రాయడు. మధ్యలో లండన్ దగ్గరి పిచ్చాసుపత్రి డాక్టరు సీవర్డ్ డైరీ, ఈగల్ని పట్టే రోగి కథ. రైల్లో పక్క సీటమ్మాయి "అక్కా, దొరింట్లోని పిల్లగాడు ఉన్నాడా పోయాడా" అని రోజూ అడిగేది. 1980ల తొలినాళ్లలో యండమూరి చేతబడి నవల తులసిదళం వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే జనం వారమంతా ఎలా ఆగారో మా అమ్మ చెప్తే అతిశయం అనుకునేదాన్ని, ఇప్పుడు కాదు.

తులసిదళం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. రంగనాయకమ్మ గారు దాని మీద '"తులసిదళం" కాదు, "గంజాయి దమ్ము"' అని పుస్తకమే రాశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఇక్కడ బాణామతి, చేతబడి అన్నవి నవల మూసేస్తే పోయేవి కావు. మంత్రాల నెపం మీద మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన జిల్లాల పేజీల్లో ఇప్పటికీ చదువుతున్నాం, ఆ నెపం పడేది ఎప్పుడూ ఊరి చివర ఉండే పేద ముసలామె మీదో, ఏ దిక్కూ లేని ముసలాయన మీదో. అయినా తులసిదళం నాకు ఇష్టమే, ఆ బిగి మామూలుగా కుదిరేది కాదు. కానీ డ్రాకులాలో ఊరిజనం పక్కింటి ముసలమ్మను అనుమానించరు, రక్తం తాగేది గడీలో ఉన్న దొర అని వాళ్లకు ముందునుంచీ తెలుసు. ఈ తేడా నాకు చిన్నది కాదు.

ఇక ఆగస్టు. కౌంట్ దాక్కున్న డిమీటర్ అనే ఓడ నల్లసముద్రం రేవు వార్నా నుంచి ఇంగ్లండ్‌కు వస్తూ ఒక్కొక్క నావికుణ్నీ పోగొట్టుకుంటుంది. కెప్టెన్ లాగ్, అంటే ఓడ డైరీ, జూలై 6 నుంచి ఉంటుంది, కానీ అది బయటపడేది మీనా తన డైరీలో అతికించుకున్న ఆగస్టు 8 నాటి పేపర్ కటింగులో. చాలామంది ఆ లాగ్‌ను జూలైలోనే, దాని తారీఖుల్లో చదువుతారు. నేను ఆపి ఉంచా, సొంత ఫైలు చేసుకున్నది ఇందుకే. మీనాకు తెలియకముందే నాకు తెలియడం బాగోలేదు. తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ, చక్రానికి కట్టుకొని చచ్చిపోయిన కెప్టెన్, ఆ తర్వాత లాగ్, అన్నీ ఒకే రాత్రి చదివితే ఆ దెబ్బే వేరు. ఆ రోజే వరలక్ష్మీ వ్రతం పడింది, శనగలు పంచి, గిన్నెలు తోమి పుస్తకం తీసేసరికి రాత్రి చాలా అయింది. అర్ధరాత్రి చదవడం నా ప్లానులో లేదు, ఆ ఒక్కసారికి మాత్రం బాగా కుదిరింది.

సెప్టెంబర్ కష్టం. 17 నుంచి 20 దాకా ఒక్కో రోజుకు ఎన్నో పేజీలు, నెలాఖరు నుంచి అక్టోబర్ 3 దాకా ఇంకా ఎక్కువ, సరిగ్గా సద్దుల బతుకమ్మ, దసరా. ఎవరైనా మొదలుపెడితే ఈ రెండు చోట్లా సెలవు చూసుకోండి, లేదా ముందే ఒప్పుకొని రెండు రోజుల్లో చదవండి. కౌంట్ రక్తం తాగేస్తుంటే లూసీకి నలుగురు మగవాళ్ల రక్తం ఒకరి తర్వాత ఒకరిది ఎక్కిస్తారు. మా పెట్టెలో ల్యాబ్ టెక్నీషియన్ తమ్ముడొకడు ఉన్నాడు, అది విని "అక్కా, దయ్యం కాదు ఏం కాదు, గ్రూపు కలవకనే పోయింది" అన్నాడు. నిజమే, లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపుల సంగతి బయటపెట్టింది 1901లో, ఈ నవల వచ్చాక. లూసీ చనిపోయేది సెప్టెంబర్ 20, ఈసారి పెత్రమాస ఆ మర్నాడే. పొద్దున పెద్దలకు బియ్యమిచ్చి సాయంత్రం వేయి స్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతూ కూడా ఆ పిల్లే గుర్తొచ్చింది.

అక్టోబర్‌లో నాకు నచ్చింది దయ్యం కాదు, మీనా ఆఫీసు పని. డాక్టర్ సీవర్డ్ డైరీ ఫోనోగ్రాఫ్ అనే రికార్డింగ్ మిషన్ మీద మాటల్లో దాస్తాడు, అందులో కావాల్సిన ముక్క ఎక్కడుందో వెతకడం ఆయనకే రాదు (వాట్సాప్ వాయిస్ మెసేజులు గంటలకొద్దీ పంపే బంధువులున్నవాళ్లకు ఈ బాధ తెలుసు). మీనా అంతా విని, టైపు చేసి, మూడేసి కాపీలు తీస్తుంది. కౌంట్ వచ్చి కాగితాలూ, రికార్డులూ తగలబెడతాడు, అయినా సేఫ్‌లో ఇంకో కాపీ ఉంటుంది. రాక్షసుణ్ని ఓడించిన వాటిలో ఒక కాపీ కూడా ఉండడం, అదీ ఆఫీసులో ఫైళ్లు మోసే నాలాంటిదానికి ఎంత తృప్తో చెప్పలేను.

అక్టోబర్ 28న మీనా రైళ్ల టైంటేబుల్ నోటికి చెప్పి అందరినీ ఆశ్చర్యపరుస్తుంది, 29న వాళ్లు కౌంట్‌ను వెంటాడుతూ వార్నా నుంచి గలాట్స్‌కు రైల్లో పోతుంటారు. ఇక్కడ అదే 29న మొంథా తుపాను వాన. హన్మకొండలో కాలనీలకు కాలనీలు మునిగాయి, డోర్నకల్ వైపు పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ రోజు భాగం ఇంట్లో, కరెంటు లేక, ఫోన్ టార్చి వెలుగులో చదివా.

ముగింపు మాత్రం నాకు ఆనలేదు. అన్ని నెలలు వెంటాడిన కౌంట్ నాలుగు లైన్లలో పోతాడు. కౌంట్‌ను వేటాడే డచ్ ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు సగానికి కోసినా నష్టం లేదు, ఆ వంకర ఇంగ్లిష్ అత్తమ్మకు తెలుగులో చెప్పడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

మే-ఆగస్టు స్పైరల్ పక్క సీటమ్మాయి పట్టుకుపోయింది, తను వచ్చే మే దాకా ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. నేను తులసిదళం మళ్లీ చదువుదామనుకుంటున్నా, ఈసారి వారానికో భాగం. పుస్తకంగా దొరుకుతుంది గానీ, సీరియల్‌గా వచ్చినప్పుడు ఏ వారం ఎక్కడ ఆపారో అందులో తెలియదు. అందుకు పాత వారపత్రికల బైండింగులు కావాలి. హన్మకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయంలో ముందు అడుగుతా, అక్కడ లేకపోతే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోయినప్పుడు పాత పుస్తకాల వాళ్ల దగ్గర వెతకాలి. ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఆ సంచికలుంటే చెప్పండి, జిరాక్స్ తీసుకొని భద్రంగా తిరిగిస్తా.