షాట్ మార్పించే ముందు ఒక మాట

విజయనగరంలో పొద్దున్నే బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన నిలబడే పెద్దమనుషులందరూ కోచ్‌లే. ఎల్బో లోపలికి పెట్టమని ఒకాయన, మోకాళ్లు వంచమని ఇంకొకాయన, రిస్ట్ వదలమని మూడో ఆయన. పాపం బంతి వేసే పిల్లాడు ఎవరి మాట వినాలి?

పదేళ్ల పిల్లాడు నడుం దగ్గర్నుంచి బంతి విసురుతున్నాడంటే తెలియక కాదు, బలం చాలక. రింగేమో 10 అడుగుల ఎత్తు. చేతికిచ్చేది పెద్దవాళ్లాడే 7వ నంబరు బంతి, ఎందుకంటే అక్కడున్నది అదొక్కటే. 5వ నంబరు బంతి ఇచ్చి రింగు దగ్గరగా నిలబెట్టండి, సగం షాట్ దానంతటదే సర్దుకుంటుంది.

ఎత్తు నుంచి వదలమని ఊరికే చెప్పరు. రింగు వెడల్పు 18 అంగుళాలు, పెద్ద బంతి సుమారు తొమ్మిదిన్నర. నిట్టనిలువుగా దిగే బంతికి ఆ 18 మొత్తం దొరుకుతుంది. 45 డిగ్రీల వాలులో వస్తే 12.7, అదే 30 డిగ్రీలైతే 9 అంగుళాలే, అంటే రింగుకి తగలకుండా పడే దారే లేదు.

దూరం షాట్లకి పేరుమోసిన స్టీఫెన్ కర్రీ కూడా హైస్కూల్లో కింద నుంచే వేసేవాడు. వాళ్ల నాన్న డెల్ కర్రీ, ఆయనా ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఆటగాడే, ఒక వేసవిలో కూర్చోబెట్టి మార్పించాడు. ఆ వేసవంతా దూరం షాట్లు వేయలేక నానా అవస్థా పడ్డాడు. అలాగని అందరికీ మార్చాలనీ లేదు. అదే లీగ్‌లో ఆడిన రిక్ బ్యారీ ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగితే ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్లు) రెండు చేతులతో కాళ్ల మధ్య నుంచి పైకి ఎగరేసేవాడు, చూడ్డానికి నవ్వొస్తుంది, కానీ నూటికి దాదాపు 90 పడేవి. పడుతున్న షాట్ జోలికి వెళ్లేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మా దగ్గర ఎనిమిదో తరగతి గుంట ఒకతి ఉంది. ఎల్బో బాగుంది, కాళ్లు బాగున్నాయి, బంతి మాత్రం ఎడాపెడా పోతోంది. రింగు వైపు చూడ్డం మానేసి బంతి మీది నల్ల గీతలు చూస్తే తెలిసింది. వెనక్కి తిరగాల్సిన గీతలు బొంగరంలా పక్కకి తిరుగుతున్నాయి. బంతి వదిలే ఆఖరి క్షణంలో ఎడమ బొటనవేలు దాన్ని తోసేస్తోంది! ఇంకేదీ ముట్టుకోలేదు. రింగు కిందే నిలబెట్టి కుడిచేత్తో మాత్రమే వేయమన్నాం, తర్వాత ఎడమ చెయ్యి పక్కన ఊరికే ఆనించి, వేళ్లు చాచి, బంతి వెళ్లిపోయాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంచమన్నాం. గీతలు తిన్నగా తిరిగితేనే ఒక అడుగు వెనక్కి. పడిందా లేదా అన్నది అప్పుడు లెక్కలోకే రాదు.

వాళ్ల నాన్నకి ఇదే మింగుడు పడలేదు. "ఏటి సార్, ముందు పడేవి కూడా ఇప్పుడు పడట్లేదు?"

"పడవండి, కొన్నాళ్లు ఇంతే" అన్నాను. అందుకే సెలక్షన్ల ముందు ఎవరి షాటూ కదపకూడదు, మ్యాచ్ మధ్యలో అసలే వద్దు. కింద పడ్డ స్కోరు చూసి టెన్షన్‌తో పాత పద్ధతికి పోతే రెండూ పోతాయి.

ఇప్పటికి ఫ్రీ త్రో గీత దాకా వచ్చింది. మూడు పాయింట్లొచ్చే త్రీ పాయింటర్ గీత 6.75 మీటర్ల దూరం, దాని సంగతి వచ్చే వేసవి సెలవుల్లో చూద్దాం అన్నాను. పిల్లకి ఓపికుంది. తండ్రే ఆగేలా లేడు.