ఆటోక్యాడ్‌లో గీతలు మాయమైనప్పుడు: నా అనుభవం

తిరుచానూరు రోడ్డులో కట్టబోయే నాలుగంతస్తుల లాడ్జి ప్లాను అనుమతికి పంపవలసిన వారంలోనే మా ఆఫీసు కంప్యూటరు మొరాయించింది. ప్లానులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేరులో జూమ్ చేసిన ప్రతిసారీ మెట్ల దగ్గరి గీతలు మాయమై, బొమ్మను మళ్లీ గీయించే రీజెన్ కమాండ్ కొడితే మళ్లీ కనిపించేవి. కర్సర్ నడిచిన దారంతా దాని నీడలు మిగిలిపోయేవి. హ్యాచ్ (గీతల నమూనా) నింపిన గోడలు మిణుకుమిణుకుమనేవి. కొలత సరిగానే పెట్టానా, లేక గీతే కనిపించడం లేదా అన్నది తేల్చుకోలేని స్థితిలో సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) చూసుకోవడం ఎంత కష్టమో ఈ పని చేసేవారికి చెప్పనక్కరలేదు.

మొదట ఫైలునే అనుమానించాను. ఫైలులోని తప్పులు సరిచేసే ఆడిట్, వాడనివాటిని తీసేసే పర్జ్ రెండూ నడిపినా మార్పు రాలేదు. సర్వేయరు ఇచ్చే ఫైలులో స్థలం మూలబిందువుకు లక్షల మీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, అంత పెద్ద అంకెల వల్ల కూడా తెర మీద గీతలు వణికే అవకాశం ఉంది. అయితే అదే ఫైలును పక్క టేబులు మీది కంప్యూటరులో తెరిస్తే ఏ లోపమూ కనిపించలేదు. దాంతో తప్పు డ్రాయింగుది కాదని, యంత్రానిదేనని రూఢి అయింది.

చిత్తూరులో ఇదే పని చేసే మిత్రుడికి ఫోన్ చేస్తే, "అన్నా, హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆపేయి, సరిపోతుంది" అన్నాడు. కమాండ్ లైన్‌లో గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ అని కొట్టి దాన్ని ఆపగానే, నిజంగానే నీడలన్నీ పోయాయి. చాలామంది ఇక్కడితో ఊరుకుంటారు, కానీ నా మనసు ఒప్పుకోలేదు. అది ఆపితే గీసే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీద నుంచి ప్రాసెసరు మీదికి మారుతుంది. ప్లానుకు ఎలాగో సరిపోయినా, లాడ్జి ముందు భాగాన్ని రంగులతో త్రీడీలో తిప్పి చూపించాలంటే మౌసు కదిపిన చాలాసేపటికి గానీ బొమ్మ కదలలేదు. యాక్సెలరేషన్ ఆపడం జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడానికి చేసే పరీక్షే తప్ప దానికి మందు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కొడితే తెరుచుకున్న విండోలోనే అసలు ఆధారం దొరికింది. వీడియో కార్డు అన్నచోట మేము కొత్తగా వేయించిన ఎన్విడియా కార్డు పేరు కాకుండా, ప్రాసెసరులోనే ఉండే గ్రాఫిక్స్ పేరు కనిపించింది. టార్చి పట్టుకుని టేబులు కింద కూర్చుని క్యాబినెట్ వెనక చూశాను. కీబోర్డు, మౌసు తగిలించే సాకెట్ల వరుసలో, పైభాగాన నిలువుగా ఉన్నవి మదర్‌బోర్డు సాకెట్లు. వాటికి కాస్త కింద అడ్డంగా ఉన్నవి కార్డువి. మానిటరు కేబులు పైదానికి బిగించి ఉంది. కార్డు మార్చిన దుకాణంవారు అలాగే తగిలించి వెళ్లారు. లోపలి గ్రాఫిక్స్ కూడా బయోస్‌లో (కంప్యూటరు మూల సెట్టింగుల్లో) ఆన్‌లోనే ఉన్నందున తెర మామూలుగానే వెలిగింది, ఎవరికీ అనుమానం రాలేదు. కేబులు కిందికి మార్చి యాక్సెలరేషన్ తిరిగి ఆన్ చేయగానే గీతలు నిలిచాయి, త్రీడీ తేలికగా తిరిగింది.

సంతోషం మధ్యాహ్నం దాకానే మిగిలింది. పని మధ్యలో తెర ఒక్కసారిగా నల్లబడి, కొద్ది క్షణాలకు తిరిగి వచ్చింది. అలా మూడుసార్లు జరిగాక, విండోస్‌లో జరిగినవన్నీ నమోదు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే, ఆ మూడు సమయాల్లోనూ 4101 నంబరుతో, డిస్‌ప్లే డ్రైవరు (గ్రాఫిక్స్ కార్డును నడిపే సాఫ్ట్‌వేరు) స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందన్న నమోదు ఉంది. గ్రాఫిక్స్ చిప్పు 2 సెకన్లలోగా బదులివ్వకపోతే విండోస్ డ్రైవరును తానే మళ్లీ మొదలుపెడుతుంది. తెర నల్లబడేది అప్పుడే.

పాత కార్డు డ్రైవరును తీసేయకుండా దాని మీదే కొత్తది వేశారని కంట్రోల్ ప్యానెల్ చూస్తే తెలిసింది. ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ ప్రచురించే, పరీక్షించి ధ్రువీకరించిన కార్డుల, డ్రైవర్ల జాబితాలో మా కార్డుకు ఉన్న వర్షన్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. విండోస్ తనంతట తాను మరో డ్రైవరు వేయకుండా ల్యాన్ కేబులు పీకి, విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతవాటి ఆనవాళ్లన్నీ తుడిచాను. తరువాత మామూలుగా మొదలుపెట్టి, డ్రైవరు వేసేటప్పుడు కస్టమ్ పద్ధతిలో క్లీన్ ఇన్‌స్టలేషన్ అన్న గడిలో టిక్ పెట్టాను. ఈ పని మొత్తానికి గంట కూడా పట్టలేదు.

మరుసటి రోజంతా ఈవెంట్ వ్యూయర్‌లో కొత్తగా 4101 రాలేదు. సాయంత్రం లాడ్జి యజమానిని పిలిచి, ముందు భాగాన్ని నాలుగు వైపులా తిప్పి చూపించాను. ఆయన బాల్కనీ గ్రిల్ మార్చమన్నారు. మార్చి, ప్లాను ఫైలు పంపేసి, డ్రైవరు వర్షన్ నంబరును ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ పక్కన అతికించాను.