కొత్త ట్రక్కుకి లేబుల్ పడేదాకా: నా అనుభవం

డ్రైనేజీ లైన్లలో పేరుకున్న బురదని లాగేసే వాక్యూమ్ ట్రక్కులు చేసే ఒక చిన్న కంపెనీలో నేను ఇంజినీరుని, అమెరికాలోని ఇండియానాలో. చాలా ఏళ్లు వేరే కంపెనీ ఛాసిస్ (ఇంజిను, చక్రాలతో వచ్చే బండి చట్రం) కొని, మా ట్యాంకు, పంపు బిగించి అమ్మేవాళ్లం. ఛాసిస్‌తో పాటే ఒక డాక్యుమెంట్ వచ్చేది. బరువు ఇంత దాటించకండి, బ్రేకుల్లో వేలు పెట్టకండి, అలా అయితే ప్రభుత్వం పెట్టిన ఫలానా భద్రతా స్టాండర్డ్స్‌కి బండి సరిపోతుంది అని అందులో రాసి ఉండేది. అది చేతిలో ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. తర్వాత ఇరుకు వీధుల కోసం సొంత ఛాసిస్, ఒంటి సీటు క్యాబిన్‌తో కొత్త బండి గీశాం. ఈసారి ఆ డాక్యుమెంట్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

ఇండియాలో పనిచేసినప్పుడు ప్రోటోటైప్‌ని పుణెలో వాహనాల్ని పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐకి పంపేవాళ్లం, వాళ్లు టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇచ్చాకే అమ్మకం. అదే అలవాటుతో అమెరికాలో వాహన భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో అప్రూవల్ దరఖాస్తు కోసం రెండు వారాలు వెతికాను. డెట్రాయిట్‌లో ఉండే ఒక సీనియర్‌కి ఫోన్ చేస్తే, "అలాంటి ఫారం లేదు తమ్ముడూ. వాళ్లు ముందుగా ఏ బండినీ అప్రూవ్ చెయ్యరు. స్టాండర్డ్స్ నువ్వే చదివి, టెస్టులు నువ్వే చేయించి, సరిపోయిందని మీ కంపెనీయే లేబుల్ మీద రాయాలి" అన్నారు. అమెరికా 1966 వాహన భద్రతా చట్టం పద్ధతే అది. తేడా ఉందని తర్వాత తేలితే రీకాల్ (అమ్మిన బండ్లని వెనక్కి పిలిచి సరిచేయడం) కూడా మనమే చెయ్యాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఓనర్ ముందు అడిగింది, ఇది పనిముట్టు కదా, అసలు ట్రక్కు రూల్స్ దీనికెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. ఆకారం మామూలు బండిలా లేకుండా, గంటకి 20 మైళ్లు మించని యంత్రాలు మోటారు వాహనాల కిందకి రావని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పాత వివరణ లేఖల్లో ఉంది. కానీ మాది రోజూ రోడ్డు మీద ఊరంతా తిరిగేది. ఇంకొకాయన స్పీడు 45కి కట్టేద్దాం, ఎయిర్ బ్రేకుల స్టాండర్డ్ 121 నుంచి తప్పించుకోవచ్చు అన్నాడు. ఆ మినహాయింపు నిజంగానే ఉంది, అయితే ఖాళీ బండి బరువు, రేటెడ్ బరువులో (లోడుతో కలిపి బండి ఉండగల గరిష్ఠ బరువు) కనీసం 95 శాతం ఉండాలి. బురద మోసే ట్యాంకున్న బండికి అది ఎలా కుదురుతుంది? నాకైతే కుదరకపోవడమే మంచిదనిపించింది, నిండు ట్యాంకుతో స్కూళ్ల ముందు నుంచి వెళ్లే బండి అది. ఆ స్టాండర్డ్ ప్రకారం 60 మైళ్ల వేగంలో నిండు లోడుతో 310 అడుగుల్లోపు ఆగాలి, మాది రెండో రౌండ్ టెస్టుల్లో ఆగింది.

అన్నిటికంటే ఏడిపించింది బెల్టు యాంకరేజ్, అంటే సీటు బెల్టుని బండికి బిగించే చోటు, స్టాండర్డ్ 210. నడుము బెల్టు మీద 3,000 పౌన్లు, భుజం బెల్టు మీద 3,000 పౌన్లు ఒకేసారి లాగి 10 సెకన్లు పట్టి ఉంచాలి. మా మొదటి క్యాబిన్‌లో ఏడో సెకనుకి బోల్టు నేల రేకుతో సహా ఊడి వచ్చింది. ల్యాబ్‌లో ఆ చప్పుడు విన్నప్పుడు, సీట్లో మనిషి ఉంటే ఏమయ్యేది అన్న ఆలోచనే వచ్చింది. కింద మందపాటి ప్లేటు వేసి ఛాసిస్ అడ్డ దూలానికి (క్రాస్ మెంబర్) కట్టేశాం, ఆరు వారాలు పోయాయి, పోనీ.

తర్వాత బరువు గొడవ. ఖాళీ బండి, లోడు, సీటుకి 150 పౌన్ల చొప్పున మనుషులు, ఈ మొత్తానికి లేబుల్ మీద వేసే రేటెడ్ బరువు తగ్గకూడదు. సేల్స్ వాళ్లు లోడుని నీళ్ల లెక్కన, గ్యాలన్‌కి 8.34 పౌన్లు వేశారు. ఆ ట్యాంకులోకి వచ్చేది తడి ఇసుక, చాలా బరువు. నేను ఒప్పుకోలేదు, పెద్ద వాదన జరిగింది, చివరికి ట్యాంకే చిన్నది చేశాం. వెడల్పు 80 అంగుళాలు దాటింది కాబట్టి వెనక పైన మూడు ఎర్ర ఐడెంటిఫికేషన్ లైట్లు కూడా కావాలి, పైకి లేచే ట్యాంకు తలుపు మీద వాటి వైరింగ్ కోసం ఒక వారం పట్టింది.

కాగితాల పని తేలికే. ఏడాదికి 1,000 లోపు బండ్లు చేసేవాళ్లకి వీఐఎన్‌లో (బండి గుర్తింపు నంబరు) మూడో అక్షరం 9 వస్తుంది, ఆ కోడ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ ఇస్తుంది. తయారీ మొదలైన 30 రోజుల్లోపు మా వివరాలు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి పంపాలి, పంపాం. ఇదే పనిలో దిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, ప్రతి స్టాండర్డ్‌కీ వేరే ఫైల్ పెట్టండి, మీ బండికి వర్తించనిదైతే ఎందుకు వర్తించదో కూడా అందులో రాసి పెట్టండి.

మార్చిలో డ్రైవర్ తలుపు పక్క పిల్లర్ మీద లేబుల్‌ని నేనే రివెట్ చేశాను. ఇప్పుడు కస్టమర్లు రెండు సీట్ల క్యాబిన్ అడుగుతున్నారు, యాంకరేజ్ టెస్టుకి ల్యాబ్‌లో మళ్లీ తేదీ తీసుకున్నాను.