బోవింగ్టన్‌లో టైగర్ ముందు ఒక పూట

లండన్ వాటర్లూలో వేమత్ వెళ్లే రైలెక్కితే దాదాపు రెండున్నర గంటల్లో వూల్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం మూడు కిలోమీటర్ల దూరం. ఆగస్టు ఎండ హాయిగా ఉంది, నేనూ మా పదేళ్ల వాడూ నడిచే వెళ్లాం. వాడి బ్యాగులో పాత టీషర్టు చుట్టిన అట్టపెట్టె ఒకటి. అందులో మేమిద్దరం కలిసి చేసిన మొదటి మోడల్, జపాన్ కిట్ల కంపెనీ తమియా వాళ్ల టైగర్ ట్యాంకు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకుకు 1/35 నమూనా, అంటే అసలులో ముప్పై ఐదో వంతు.

దాన్ని చూస్తే నాకు మనసు చివుక్కుమనేది. అతికించడం బాగానే కుదిరింది, దెబ్బంతా రంగు దగ్గర పడింది. యుద్ధంలో వాడిన ట్యాంకులా కనిపించాలని వీడియోల్లో చూసిన ప్రతి కిటుకూ ఒకే ట్యాంకు మీద వాడేశాం. అంచులన్నిటికీ వెండి రంగు, పలకలన్నిటి మీదా తుప్పు. ఆఖర్న వాన పడుతున్న సాయంత్రం బాల్కనీలో మెరుపు తగ్గించే మ్యాట్ వార్నిష్ స్ప్రే కొట్టాను. తెల్లారేసరికి ట్యాంకంతా విబూది రాసినట్టు తెల్లబడిపోయింది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ స్ప్రే అలా పాలిపోతుందని తర్వాత తెలిసింది. వాడు ఏడవలేదు గానీ రెండు రోజులు దానివైపు చూడలేదు. అసలు ట్యాంకునే చూసొద్దాం పద అన్నాను.

లోపల ముందు లిటిల్ విల్లీ దగ్గర ఆగాం. 1915లో తయారైంది, మిగిలి ఉన్న ట్యాంకుల్లో అన్నిటికంటే పాతది ఇదే. రహస్యం బయటపడకుండా నీళ్ల ట్యాంకులు చేస్తున్నామని చెప్పుకున్నారట, ఆ పేరే నిలిచిపోయింది. "అంటే మన మేడ మీది ట్యాంకూ ఇదీ ఒకటే పేరా నాన్నా?" అన్నాడు వాడు. ఒకటే పేరు!

టైగర్ 131 దగ్గర మాత్రం గంటకు పైనే ఉన్నాం. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కిన ట్యాంకు ఇది. ఏళ్ల తరబడి శ్రమపడి మళ్లీ నడిచే స్థితికి తెచ్చారు. చర్చిల్ అనే బ్రిటిష్ ట్యాంకు కాల్చిన గుండు దీని ఫిరంగి గొట్టం అడుగున తగిలి, జారి టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) కిందికి దూసుకుపోయి, అది తిరగకుండా బిగించేసింది. లోపలివాళ్లు వదిలేసి పోయారు. ఆ గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. మావాడు మోకాళ్ల మీద కూర్చుని కిందినుంచి చాలాసేపు చూశాడు. తర్వాత పెట్టె తెరిచి మా మోడల్ తీశాడు.

"మనం పెట్టినన్ని గీతలు దీనికి లేవు నాన్నా."

అక్కడే ఫోన్‌లో లెక్క వేసి చూపించాను. 1/35లో ఒక మిల్లీమీటరు చుక్క అంటే అసలు ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్లు. మేము ట్యాంకులోకి దిగే మూత అంచున పెట్టిన మచ్చలు మూడేసి మిల్లీమీటర్లున్నాయి, అంటే జానెడులో సగం మేర రంగు ఊడినట్టు! కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే లెక్క ఇంకోటి లేదని నా నమ్మకం. బ్రష్ ముంచే ముందు ఆ మచ్చను ముప్పై ఐదు రెట్లు చేసి ఊహించుకోవాలి.

మ్యూజియం ట్యాంకులకు మళ్లీ మళ్లీ రంగులు వేస్తుంటారు కాబట్టి దుమ్ము, మరకల సంగతి వాటి మీద తెలియదు. అది మధ్యాహ్నం బయట ఎరీనాలో దొరికింది. ట్రాకుల (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీల) బండి ఒకటి మట్టిలో చుట్లు కొట్టి కంచె దగ్గరగా వచ్చి ఆగింది. చక్రాలు, ట్రాకుల పైన ఉండే రేకులు, వెనక భాగం లేత గోధుమరంగు దుమ్ముతో నిండిపోయాయి. పైకి పోయేకొద్దీ దుమ్ము పల్చబడి, మూత దగ్గర దాదాపు లేనే లేదు. డ్రైవరు కాలు పెట్టి ఎక్కే చోట మాత్రం ఆ పల్చటి దుమ్ము కూడా చెరిగి, కింది రంగు నున్నగా మెరుస్తోంది. ట్రాకుల్లో నేలను తాకే భాగమే వెండిలా ఉంది, మిగతాదంతా ముదురు గోధుమరంగు. తుప్పు కోసం వెతికాను. రోజూ నడిచే బండికి అది పట్టే తీరికే ఉండదు.

ఇంటికొచ్చాక ఇంకో టైగర్ కిట్ తెచ్చాం. ఈసారి తొందరపడలేదు. రంగు పట్టడానికి ముందు వేసే ప్రైమర్ ఆరాక, బేస్ రంగులో కాస్త తెలుపు కలిపాం, ఎందుకంటే చిన్న బొమ్మ మీద అదే రంగు అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది. పాలంత పల్చగా చేసి మూడు పూతలు వేశాం. పోయినసారి 131 నంబరు డెకాల్ (అతికించే పల్చటి స్టిక్కరు) చుట్టూ వెండిలా మెరిసింది. గరుకైన మ్యాట్ రంగు మీద నేరుగా అతికించడం వల్ల అడుగున గాలి ఉండిపోయిందన్నమాట. అందుకని ముందు నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్, దాని మీద డెకాల్, ఆ తర్వాత రివెట్ల చుట్టూ, పలకల అతుకుల్లో మాత్రం సన్న బ్రష్‌తో గోధుమరంగు వాష్, అంటే బాగా పల్చన చేసిన రంగు. మ్యాట్ స్ప్రేకి పొడి వాతావరణం కోసం నాలుగు రోజులు ఆగాం.

ఆదివారం వంటింటి బల్ల మీద మావాడు స్పాంజి ముక్క గిల్లి ముదురు గోధుమరంగులో అద్దాడు. దాన్ని టిష్యూ మీద ఒత్తాడు, మళ్లీ ఒత్తాడు, మరక పడటం దాదాపు ఆగిపోయేదాకా ఒత్తుతూనే ఉన్నాడు. అప్పుడు ఊపిరి బిగబట్టి మూత అంచున ఒక్కచోట తాకించి నావైపు చూశాడు.

"ఇక్కడేగా నాన్నా కాలు పెట్టేది?"