అరువు తోక, సొంత రెక్క: రుమేనియా వాయుసేన

ఐఏఆర్ 80 అనే రుమేనియా ఫైటర్ విమానం బొమ్మను పక్క నుంచి చూసినప్పుడల్లా నా చూపు కాక్‌పిట్ వెనక ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడి నుంచి తోక దాకా ఆ విమానం రుమేనియాది కాదు. బ్రషోవ్‌లో 1925లో వెలసిన ఐఏఆర్ కర్మాగారం పోలండ్ నుంచి లైసెన్సు తీసుకుని పీజెడ్ఎల్ సంస్థ పీ.11, పీ.24 విమానాలను తయారుచేసేది. ఇయోన్ గ్రోసు బృందం సొంత ఫైటర్‌ను రూపొందించే పని చేపట్టినప్పుడు, కార్మికులకు అప్పటికే చేయి తిరిగిన పీ.24 వెనక భాగాన్ని దాదాపు యథాతథంగా ఉంచుకుని, ముందు భాగాన్నీ, కిందికి అమర్చిన రెక్కలనూ, లోపలికి ముడుచుకునే చక్రాలనూ కొత్తగా గీసింది. ఇంజను ఫ్రాన్సు వారి నోమ్-రోన్ '14-కె' ఇంజను ఆధారంగా బ్రషోవ్‌లోనే తయారైంది, మెషిన్ గన్‌లు బెల్జియం నుంచి వచ్చాయి. 1939 ఏప్రిల్ 12న తొలిసారి ఎగిరిన ఆ నమూనా గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని దాటింది. దాని తర్వాతి రూపాలైన ఐఏఆర్ 81 రకాలతో కలిపి సుమారు 450 తయారయ్యాయి. ఇన్ని చోట్ల నుంచి తెచ్చిన ముక్కలతో ఇంత పొందికైన యంత్రాన్ని నిలబెట్టడం తక్కువ పనితనమని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఉన్నదే. బుకారెస్ట్ సైనిక ఆయుధాగారంలో రుమేనియా తొలితరం వైమానికుడు అవురెల్ వ్లాయ్కు నిర్మించుకున్న విమానంలో రెక్కకు ముందొకటి, వెనకొకటి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఉండేవి. ఆ అమరిక పూర్తిగా ఆయన ఆలోచనే గాని, వాటిని తిప్పే 50 అశ్వశక్తి నోమ్ ఇంజను ఫ్రాన్సుది. 1910 సెప్టెంబరులో సైనిక విన్యాసాలు జరుగుతుండగా ఆయన స్లాతినా నుంచి ప్యాత్రా-ఓల్త్‌కు ఒక సైనిక సందేశాన్ని ఆకాశమార్గాన చేరవేశారు. 1913లో కార్పేతియన్ పర్వతాలను దాటబోయి, కింపీనా సమీపంలో కూలిపోయి మరణించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో రుమేనియా 1944 ఆగస్టు 23 దాకా జర్మనీ పక్షాన ఉన్నది, ఆ పొత్తును నేను సమర్థించను. అయితే ప్లోయెష్తి చమురు శుద్ధి కేంద్రాలపై అమెరికన్లు వరసగా దాడులు చేస్తున్నప్పుడు అక్కడి పైలట్లు కాపాడుకున్నది తమ నేలనే. 1944 జూన్ 10న అమెరికా పీ-38 లైట్‌నింగ్ ఫైటర్లు అదే ప్లోయెష్తిపై విరుచుకుపడగా, పోపెష్తి-లెయోర్దేని నుంచి డాన్ విజాంతి నాయకత్వంలో లేచిన ఐఏఆర్ 81సీలు తక్కువ ఎత్తులో వాటిని ఎదుర్కొన్నాయి. వేగంలోనూ ఇంజను శక్తిలోనూ వెనకబడినా, తక్కువ ఎత్తులో ఇరుకుగా మలుపు తిరగడంలో ఐఏఆర్‌దే పైచేయి. ఆ రోజు దాడికి వెళ్లిన లైట్‌నింగ్‌లలో 20కి పైగా తిరిగి రాలేదు.

రెండున్నర నెలలకే రుమేనియా పక్షం మారడంతో శత్రువులు మిత్రులయ్యారు. ఆగస్టు 27న, రుమేనియా అగ్రశ్రేణి ఫైటర్ పైలట్ కాన్‌స్టాంటిన్ కాంతాకుజినో తన జర్మన్ మెసర్‌ష్మిట్ 109 పక్కల మీద అమెరికా జెండా వేయించి, అమెరికా వైమానిక స్థావరాలున్న ఇటలీకి బయలుదేరాడు. కాక్‌పిట్ వెనక రేడియో తీసేసిన ఇరుకు గూటిలో, అప్పటిదాకా యుద్ధఖైదీగా ఉన్న అమెరికా లెఫ్టినెంట్ కల్నల్ జేమ్స్ గన్ ముడుచుకుని పడుకున్నాడు. ఆ గూటి తలుపును బయటి నుంచి స్క్రూలతో బిగించారు కాబట్టి, విమానానికి ఏదైనా జరిగితే లోపలి మనిషి బయటపడే దారి లేదు. ఇద్దరూ క్షేమంగా దిగారు. ఆ ప్రయాణం వల్లనే నాలుగు రోజుల తర్వాత అమెరికా బీ-17 బాంబర్ విమానాలు బుకారెస్ట్‌కు వచ్చి 1,100 మందికి పైగా అమెరికన్ ఖైదీలను తీసుకువెళ్లాయి.

ఇంతే గౌరవంతో తలచుకోవలసినది శ్వేత దళం. మరియానా ద్రగెస్కు, నాదియా రుస్సో, వర్జీనియా థామస్ వంటి మహిళా పైలట్లు ఆర్‌డబ్ల్యూడీ-13 అనే చిన్న అంబులెన్సు విమానాల్లో, 1942లో స్టాలిన్‌గ్రాడ్ రంగం దాకా వెళ్లి క్షతగాత్రులను తీసుకువచ్చారు. ఆ విమానాలు కూడా 1939లో పోలండ్ పతనమైనప్పుడు సరిహద్దు దాటి వచ్చినవే.

యుద్ధానంతరం సోవియట్ మిగ్‌లు వచ్చాయి. 1968లో సోవియట్ నాయకత్వాన జరిగిన చెకోస్లొవేకియా ఆక్రమణలో పాల్గొనడానికి నిరాకరించిన రుమేనియా, యుగోస్లావియాతో కలిసి ఐఏఆర్-93 అనే దాడి విమానాన్ని రూపొందించింది. బ్రిటిష్ వైపర్ ఇంజన్లు అమర్చిన తొలి నమూనాలు రెండు దేశాల్లోనూ ఒకే రోజున, 1974 అక్టోబరు 31న ఎగిరాయి. క్రయోవా కర్మాగారంలో దాని వెనకే రూపొందిన ఐఏఆర్-99 శిక్షణ జెట్ 1985లో తొలిసారి ఎగిరింది.

1990లలో బకౌ నగరంలోని ఏరోస్టార్ సంస్థ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్‌తో కలిసి సుమారు 110 మిగ్-21లను ఆధునికీకరించి లాన్స్‌ఆర్ అనే కొత్త రూపంలోకి మార్చింది. వాటిలో గగన రక్షణకు మలచిన సీ రకం సోవియట్ ఆర్-73, ఇజ్రాయెల్ పైథాన్-3, ఫ్రాన్సు మ్యాజిక్-2 క్షిపణులను మోయగలిగేది. ఐఏఆర్ 80 గీసినవారి చేయే నాకు ఇందులోనూ కనిపిస్తుంది. చివరి లాన్స్‌ఆర్‌లు 2023 మే 15న సేవ నుంచి వైదొలిగాయి.

ఇప్పుడు ఫెతెష్తి స్థావరంలో పోర్చుగల్ నుంచి కొన్న ఎఫ్-16లు ఉన్నాయి, నార్వే నుంచి మరో 32 కొన్నారు, 2024లో 32 ఎఫ్-35ల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. ఇవన్నీ ఐఏఆర్ 80కి అందనంత శక్తిమంతమైనవని తెలిసినా, బ్రషోవ్‌లో గీసిన రెక్క ఒక్కటీ వాటిలో లేదన్న వెలితి మాత్రం నాకు మిగిలే ఉంది.